శాటిలైట్ ఇమేజ్ తెరుచుకోవడం లేదా? సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు ఫైల్‌ని అడగండి

"ఫైల్ ఓపెన్ అవ్వట్లేదు" అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులుంటాయి. ఎర్రర్ చూపించి సాఫ్ట్‌వేర్ ఆగిపోవడం ఒకటి. ఎర్రరేమీ లేకుండా తెరంతా నల్లగానో తెల్లగానో కనిపించడం రెండోది. లేయర్ల జాబితాలో పేరుంటుంది, మ్యాప్ మీద మాత్రం ఏమీ ఉండదు, ఇది మూడోది. నిజంగా తెరుచుకోకపోవడం అంటే మొదటిదే. మిగతా రెండింట్లో ఫైల్ తెరుచుకుంది, మన కంటికి కనిపించడం లేదంతే. ఈ తేడా చూసుకోకుండా సాఫ్ట్‌వేర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల పూట గడుస్తుంది తప్ప పని జరగదు.

ఫైల్ పూర్తిగా దిగిందా?

సైట్‌లో చూపించిన సైజుని, మీ డిస్క్ మీదున్న సైజుని పోల్చండి. లాండ్‌శాట్ 8 లేదా 9 ఉపగ్రహం తీసిన లెవెల్-1 సీన్ (ఒక ప్రాంతపు ఇమేజ్) మొత్తం టార్ అనే ఒకే కట్ట ఫైల్‌గా సుమారు 1 జీబీ ఉంటుంది. 300 ఎంబీ దగ్గర ఆగిందంటే మధ్యలో తెగినట్టే. కొన్ని కేబీలే ఉంటే అసలది ఇమేజే కాదు. నాసా ఎర్త్‌డేటా లాంటి లాగిన్ అడిగే చోటు నుంచి స్క్రిప్ట్‌తో దించుతున్నప్పుడు పాస్‌వర్డ్ సరిగా అందకపోతే సర్వర్ లాగిన్ పేజీనే పంపుతుంది. స్క్రిప్ట్ ఆ పేజీకే హెచ్‌డీఎఫ్ (శాస్త్రీయ డేటా ఫార్మాట్) అని పేరు పెట్టి దాస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మొదటి అక్షరమే < గుర్తయితే విషయం తేలిపోయింది.

సైజు సరిపోయినంత మాత్రాన ఫైల్ బాగుందని కాదు. సైట్‌లో ఎండీ5 విలువ, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, ఇచ్చి ఉంటే దాంతో సరిచూడండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎండీ5సమ్ ఈ పని చేస్తాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ దించుకోవడమే మందు. తెగిన ఫైల్‌ని బాగుచేస్తామనే టూల్స్ జోలికి పోకండి, రాని పిక్సెళ్లను ఏ టూలూ పుట్టించలేదు.

పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి తెచ్చిన ఫైలైతే ఇంకో సంగతి చూసుకోవాలి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్ 4 జీబీకి మించిన ఫైల్‌ని పట్టదు. అలాగే క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఫైల్ పేరు మాత్రమే కనిపిస్తూ, లోపలి డేటా ఇంకా దిగకుండా ఉండొచ్చు. పని మొదలుపెట్టే ముందు ఫైల్‌ని మామూలు లోకల్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

దారి పొడవు: సెంటినెల్-2 వాళ్లకి తప్పని తలనొప్పి

విండోస్‌లో ఫైల్ ఉన్న దారి, అంటే డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు చివరిదాకా, మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 డేటా వచ్చే సేఫ్ ఫోల్డర్ పేరే 65 అక్షరాలు. దాని లోపల గ్రాన్యూల్ ఫోల్డర్, అందులో ఐఎంజీ డేటా, అందులో 10 మీటర్ల ఫోల్డర్, చివర బ్యాండ్ (ఒక్కో రకం కాంతిలో తీసిన పొర) ఫైల్ పేరు, అన్నీ కలిపితే లెవెల్-2ఏలో 157 దాకా వస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" నొక్కితే జిప్ పేరుతోనే పైన ఇంకో ఫోల్డర్ పుడుతుంది, అంటే మరో 66 అక్షరాలు, మొత్తం 223. ఇక యూజర్ పేరు, డౌన్‌లోడ్స్, ప్రాజెక్ట్ ఫోల్డర్ చేరాయంటే గీత దాటినట్టే. కొన్ని ఫైళ్లు బయటికి రావు, వచ్చినవాటిని కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరవలేవు.

డ్రైవ్ మొదట్లోనే రెండు మూడు అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని, 7-జిప్‌తో అందులోకి విప్పుకుంటే ఈ బాధ ఉండదు. ఆ ఫోల్డర్ పేరులో స్పేస్, కామా లాంటివి లేకుండా చూసుకోండి. తెలుగులో పేరు పెట్టుకోవాలని ముచ్చటగా ఉన్నా ఇక్కడ మాత్రం వద్దు. ఇంగ్లిష్ అక్షరాలు తప్ప వేరే లిపిని చదవలేని లైబ్రరీలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

పేరు చెప్పేది ఒకటి, లోపలుండేది ఒకటి

ఎక్స్‌టెన్షన్ అనేది ఒట్టి పేరు. ఫైల్ అసలు రకం దాని మొదటి కొన్ని బైట్లలో ఉంటుంది. హెక్స్ ఎడిటర్‌లోనో, చిన్న ఫైలైతే నోట్‌ప్యాడ్‌లోనో తెరిస్తే ఇవి కనిపిస్తాయి:

- టిఫ్ అయితే మొదట "ఐఐ" లేదా "ఎంఎం" అనే ఇంగ్లిష్ అక్షరాల జంట, ఆ తర్వాత 42 అనే సంఖ్య. 42 బదులు 43 ఉంటే అది బిగ్‌టిఫ్.
- జిప్ అయితే "పీకే".
- హెచ్‌డీఎఫ్5 అయితే ఒక పిచ్చి గుర్తు, వెంటనే "హెచ్‌డీఎఫ్" అనే అక్షరాలు. నెట్‌సీడీఎఫ్-4 ఫైళ్లు కూడా లోపల హెచ్‌డీఎఫ్5లే.
- ఎర్డాస్ ఇమాజిన్ అనే సాఫ్ట్‌వేర్ ఫైల్ "ఈహెచ్ఎఫ్ఏ" అనే అక్షరాలతో మొదలవుతుంది.

చివరిది తెలుసుకుని ఉండటం మంచిది, ఎందుకంటే ఐఎంజీ అనే ఎక్స్‌టెన్షన్‌ని ఎర్డాస్ వాడుతుంది, ఎన్వీ అనే సాఫ్ట్‌వేర్ ముడి డేటాకీ వాడతారు, డిస్క్ ఇమేజ్‌లకీ వాడతారు. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్ డిస్క్ అనుకుని మౌంట్ చేయబోయి, ఫైల్ పాడైందని చెబుతుంది. పట్టించుకోకండి. ఎర్డాస్‌లో పెద్ద ఇమేజ్ అయితే అసలు పిక్సెళ్లు పక్కనున్న ఐజీఈ ఫైల్‌లో ఉంటాయి. ఐఎంజీ ఫైల్‌కి పేరు మారిస్తే లోపల రాసి ఉన్న ఐజీఈ పేరు మారదు, దాంతో రెండింటికీ లంకె తెగుతుంది. పాత పేర్లే ఉంచండి, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.

జీడాల్‌ఇన్ఫోతో మాట్లాడించండి

మీరు వాడేది ఏ సాఫ్ట్‌వేర్ అయినా, జీడాల్ అనే ఉచిత లైబ్రరీ ఒకటి కంప్యూటర్‌లో ఉండాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే అది కూడా వస్తుంది. విండోస్‌లో ఓఎస్‌జియో4డబ్ల్యూ షెల్ తెరిచి, జీడాల్‌ఇన్ఫో అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఫైల్ పేరివ్వండి. కమాండ్లంటే ఇబ్బందైతే క్యూజీఐఎస్‌లో రాస్టర్ మెనూ, మిసెలేనియస్, రాస్టర్ ఇన్ఫర్మేషన్ అదే సమాచారం ఇస్తుంది.

వచ్చిన జవాబులో చూడాల్సినవి ఇవి. డ్రైవర్: ఫైల్‌ని ఏ ఫార్మాట్‌గా గుర్తించిందో. సైజు: ఎన్ని పిక్సెళ్ల వెడల్పు, ఎన్ని వరసలు. సెంటినెల్-2 టైల్ అయితే 10 మీటర్ల బ్యాండ్లకి 10980 చొప్పున, 20 మీటర్లకి 5490, 60 మీటర్లకి 1830 ఉండాలి. బ్లాక్: ఇది 10980×1 లాంటి రూపంలో ఉంటే డేటా వరసలుగా ఉందని, 512×512 లాంటి రూపంలో ఉంటే టైల్స్‌గా ఉందని అర్థం; కింద ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ దగ్గర ఇది అక్కరకొస్తుంది. టైప్: 8 బిట్లా, 16 బిట్లా, ఫ్లోటా, కాంప్లెక్సా. నోడేటా: ఖాళీ పిక్సెళ్లకి ఏ విలువ ఇచ్చారో.

దీనికే చెక్‌సమ్ ఆప్షన్ కలిపితే ఇమేజ్‌లోని ప్రతి పిక్సెల్‌నీ చదివి చూస్తుంది. హెడర్ బాగుండి, మధ్యలో డేటా తెగిన ఫైళ్లు ఇక్కడ దొరికిపోతాయి. సగం ఇమేజ్ కనిపించి, జూమ్ చేసినప్పుడు రీడ్ ఎర్రర్ వస్తుంటే తప్పకుండా ఇది నడపండి. ఎర్రర్ వచ్చిన ఫైల్‌ని మళ్లీ దించుకోవాల్సిందే.

"ఈ ఫార్మాట్‌ని గుర్తించలేకపోయాను" అన్న అర్థంలో జవాబొస్తే, ఫైల్ అయినా చెడి ఉండాలి, దాన్ని చదివే డ్రైవర్ అయినా మీ దగ్గర లేకపోయి ఉండాలి. ఫార్మాట్స్ ఆప్షన్‌తో ఉన్న డ్రైవర్ల జాబితా తీసి చూడండి. ఇక్కడ ఎక్కువగా దొరికేది హెచ్‌డీఎఫ్4. మోడిస్ అనే ఉపగ్రహ సెన్సర్ డేటా హెచ్‌డీఎఫ్4లో వస్తుంది, విర్స్ అనే సెన్సర్ డేటా హెచ్‌డీఎఫ్5లో వస్తుంది. పేరు దగ్గరదే అయినా లోపల ఒకదానికొకటి సంబంధం లేని ఫార్మాట్లు. పైథాన్‌లో పిప్‌తో పెట్టుకున్న రాస్టీరియో అనే లైబ్రరీలో హెచ్‌డీఎఫ్4 డ్రైవర్ ఉండదు. కోండా-ఫోర్జ్ అనే ప్యాకేజీల భండారం నుంచి పెట్టుకుంటే దొరుకుతుంది, కొత్త వెర్షన్లలో దానికి విడి ప్యాకేజీ కూడా వేయాలి.

మోడిస్ ఫైల్ గుర్తించినా సైజు 512×512 అని చూపించి బ్యాండ్లేమీ లేవంటే కంగారు పడకండి. అది ఒక పెట్టె. లోపల ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక), క్వాలిటీ లాంటివి సబ్‌డేటాసెట్లుగా విడివిడిగా ఉంటాయి. జవాబు కింది భాగంలో వాటి పూర్తి పేర్లు వస్తాయి, ఫైల్ పేరు బదులు ఆ పేరివ్వాలి.

ఏ ఫైల్‌ని తెరవాలో ఆ ఫైల్‌నే తెరవండి

సెంటినెల్-2కి స్నాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, సేఫ్ ఫోల్డర్‌లోని ఎంటీడీతో మొదలయ్యే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని తెరవాలి. విడి జేపీ2 (బ్యాండ్ ఇమేజ్) ఫైళ్లని లాగి వేస్తే బ్యాండ్లొస్తాయి గానీ కోణాలు, స్కేలు, మాస్కులు రావు. తెరిచాక ఏ ఆపరేషన్ చేయబోయినా బ్యాండ్ల సైజులు వేర్వేరుగా ఉన్నాయని అడ్డుపడితే, రాస్టర్ మెనూలో జియోమెట్రిక్ కింద రీశాంప్లింగ్ చేసి అన్నిటినీ ఒకే రిజల్యూషన్‌కి తెచ్చుకోండి.

లాండ్‌శాట్‌కి ఎంటీఎల్ అనే వివరాల ఫైల్‌ని తెరవాలి. స్నాప్, ఎన్వీ రెండూ దాన్ని చదివి బ్యాండ్లని వాటంతటవే కూర్చుకుంటాయి. బ్యాండ్ ఫైళ్ల పేర్లు మార్చి ఉంటే ఎంటీఎల్‌లో రాసిన పేర్లతో కుదరక ఎర్రరొస్తుంది. పేర్లు పొడుగ్గా ఉన్నాయని కత్తిరించే అలవాటుంటే మానుకోండి.

రాడార్ ఉపగ్రహమైన సెంటినెల్-1కి మానిఫెస్ట్ ఫైల్‌ని తెరవాలి. మెజర్‌మెంట్ ఫోల్డర్‌లోని టిఫ్‌ని సరాసరి క్యూజీఐఎస్‌లో వేస్తే, ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తూ తీసిన ఇమేజ్ తలకిందులుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తూ తీసింది కుడిఎడమలు తారుమారై కనిపించొచ్చు. చెడిపోయి కాదు, రాడార్ చూసిన వరసలోనే డేటా ఉంది కాబట్టి అలా వస్తుంది. స్నాప్‌లో టెర్రెయిన్ కరెక్షన్ చేశాకే అది మ్యాప్ మీద నిలుస్తుంది.

ఎన్వీ హెడర్: చేతిలెక్కతో తేలిపోయే సమస్య

ఎన్వీ ఫార్మాట్‌లో పిక్సెళ్లన్నీ ఒక ముడి ఫైల్‌లో ఉంటాయి, వాటిని ఎలా చదవాలో పక్కనున్న హెచ్‌డీఆర్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ చెబుతుంది. హెచ్‌డీఆర్ పోతే డేటా మూగది. ఉన్నా అందులో ఒక్క అంకె తప్పితే ఇమేజ్ వికారంగా వస్తుంది. ఫైల్ సైజు ఎంతుండాలో ఇలా లెక్క కట్టండి:

శాంపిల్స్ × లైన్స్ × బ్యాండ్స్ × ఒక్కో విలువకి బైట్లు + హెడర్ ఆఫ్‌సెట్

డేటా టైప్ 1 అంటే 1 బైటు, 2 అన్నా 12 అన్నా 2 బైట్లు, 3, 4, 13లకి 4 బైట్లు, 5కి 8 బైట్లు. ఉదాహరణకి 1000 శాంపిల్స్, 1200 లైన్స్, 6 బ్యాండ్లు, డేటా టైప్ 12, ఆఫ్‌సెట్ సున్నా అయితే 1,44,00,000 బైట్లుండాలి. డిస్క్ మీద 2,88,00,000 ఉందనుకోండి. సరిగ్గా రెట్టింపు కాబట్టి అది 4 బైట్ల రకం అయ్యుండే అవకాశం ఎక్కువ. హెచ్‌డీఆర్‌లో డేటా టైప్‌ని 4కి మార్చి చూడండి. కాపీ తీసి పెట్టుకున్నాకే సుమా.

లెక్క సరిపోయినా బొమ్మ తేడాగా ఉంటే దాని తీరే కారణం చెబుతుంది. ఇమేజ్ ఏటవాలుగా జారిపోయినట్టుంటే శాంపిల్స్ సంఖ్య తప్పు. గీతలు గీతలుగా, ముక్కలు పునరావృతమవుతూ ఉంటే ఇంటర్‌లీవ్ (బ్యాండ్ల విలువల్ని పేర్చిన వరస) తప్పు. బీఎస్‌క్యూ, బీఐఎల్, బీఐపీ మూడూ మార్చి చూడండి. నదీ గట్టూ ఆనవాలు పడుతున్నా ఇసుక చల్లినట్టు చుక్కలుంటే బైట్ ఆర్డర్ తప్పు, 0 ఉంటే 1, 1 ఉంటే 0 చేయండి. బైట్లు తిరగబడితే 300 అనే విలువ 11265 అవుతుంది, 1 కాస్తా 256 అవుతుంది. ఆ చుక్కలు అందుకే.

ఇమేజ్‌జే, ఫిజీ వాడేవాళ్లకి

ఇవి మైక్రోస్కోప్ ఇమేజ్‌ల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్లు. శాటిలైట్ టిఫ్‌లు ఇక్కడ మూడు చోట్ల ఇరుక్కుంటాయి. టైల్స్‌గా ఉన్న టిఫ్‌ని ఇమేజ్‌జే సొంత రీడర్ తెరవలేదు, ఆ మాటే ఎర్రర్‌లో చెబుతుంది. ఇంటర్నెట్ నుంచి ముక్కలుగా చదవడానికి వీలుగా చేసిన క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్‌లన్నీ టైల్స్‌గానే ఉంటాయి. కొన్ని రకాల కంప్రెషన్ దానికి తెలియదు. ఒక పిక్సెల్‌కి ఐదారు బ్యాండ్లు కలిపి పేర్చిన ఫైలైతే శాంపిల్స్ పర్ పిక్సెల్ సపోర్ట్ లేదంటుంది.

బయో-ఫార్మాట్స్ ప్లగిన్‌తో చాలావరకు తెరుచుకుంటాయి. ఫిజీలో అది ముందే ఉంటుంది. అయినా నా ఓటు మార్పిడికే: జీడాల్ ట్రాన్స్‌లేట్‌తో ఒక్కో బ్యాండ్‌ని, కంప్రెషన్ లేకుండా, మామూలు జియోటిఫ్‌గా రాసుకోండి. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే జీడాల్ రాసే జియోటిఫ్ వరసలుగా, కంప్రెషన్ లేకుండానే ఉంటుంది కాబట్టి ఇవ్వాల్సిందల్లా బ్యాండ్ నంబరే. ప్లగిన్ వెర్షన్ల గొడవ ఉండదు, ఎక్కడికి తీసుకెళ్లినా తెరుచుకుంటుంది.

ఇమేజ్‌జేలో సేవ్ చేస్తే మాత్రం ఫైల్‌లోని భౌగోళిక సమాచారం పోతుంది. క్రాప్ చేయకుండా, సైజు మార్చకుండా పని చేసి ఉంటే, అసలు ఫైల్ మూలల కోఆర్డినేట్లు, ప్రొజెక్షన్ కోడ్ తీసుకుని ఫలితానికి మళ్లీ అంటించొచ్చు. క్రాప్ చేస్తే ఎడమ పై మూల ఎన్ని పిక్సెళ్లు జరిగిందో అప్పుడే రాసి పెట్టుకోవాలి.

తెరంతా నలుపు

సెంటినెల్-2లో పరావర్తనాన్ని 10000తో గుణించి (2022 నుంచి దానికి 1000 కలిపి) 16 బిట్లలో దాస్తారు. నేల మీది చాలా పిక్సెళ్లు 3000 లోపే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ 0 నుంచి 65535 దాకా ఉన్న మొత్తం పరిధిని 0–255 వెలుగు స్థాయిలకి పంచితే 3000కి దక్కేది 12. నలుపుకీ దానికీ కంటికి తేడా తెలియదు. ఫ్లోట్ ఇమేజ్‌లో విలువలు 0 నుంచి 1 మధ్య ఉండి, చూపించేది 0–255 పరిధిలో అయితే ఇంకా అన్యాయం.

కర్సర్ పెట్టి పిక్సెల్ విలువ చూడండి. సున్నా కాని రకరకాల అంకెలొస్తే డేటా క్షేమం, స్ట్రెచ్ (విలువల్ని వెలుగు స్థాయిలకి పంచే పరిధి) మారిస్తే చాలు. క్యూజీఐఎస్‌లో లేయర్ ప్రాపర్టీస్, సింబాలజీ, మిన్/మ్యాక్స్ దగ్గర క్యుములేటివ్ కౌంట్ కట్ 2–98 శాతం ఎంచుకోండి. ఇమేజ్‌జేలో కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కి ఆటో కొట్టండి. రాడార్ ఇమేజ్ అయితే స్ట్రెచ్ కూడా చాలదు. కొన్ని పిక్సెళ్లే విపరీతంగా మెరుస్తాయి కాబట్టి డెసిబెల్స్‌లోకి మార్చుకోవాలి.

తెరంతా తెలుపైతే నోడేటాని అనుమానించండి. ఖాళీ పిక్సెళ్లు −9999గా ఉండి, ఆ సంగతి ఫైల్‌లో రాసి లేకపోతే, పరిధి −9999 నుంచి 1 దాకా సాగుతుంది. అసలు విలువలన్నీ పై కొసకి చేరి తెల్లబడతాయి. లేయర్ ప్రాపర్టీస్‌లో −9999ని అదనపు నోడేటా విలువగా ఇస్తే బొమ్మ బయటపడుతుంది.

లాండ్‌శాట్ 7 ఇమేజ్‌లో రెండు పక్కలా నల్లటి వాలు చారలుంటే అవి ఫైల్ లోపం కాదు. 2003 మే 31న ఆ ఉపగ్రహంలో స్కాన్ లైన్ కరెక్టర్ పాడైంది, అప్పటినుంచి ప్రతి సీన్‌లో సుమారు 22 శాతం డేటా లేదు. ఎన్నిసార్లు దించినా అంతే.

మ్యాప్ మీద లేకపోతే

లేయర్ మీద రైట్ క్లిక్ చేసి జూమ్ టు లేయర్ నొక్కండి. ఎక్కడో సముద్రంలో తేలితే కోఆర్డినేట్లు చూడండి. లక్షల్లో ఉన్నాయంటే అవి మీటర్లు, బహుశా యూటీఎం అనే మ్యాప్ ప్రొజెక్షన్. 180 లోపు ఉంటే డిగ్రీలు. కోఆర్డినేట్లు లక్షల్లో ఉండి, సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్లు ఏ పద్ధతివో చెప్పే చీటీ) మాత్రం ఈపీఎస్‌జీ 4326, అంటే డిగ్రీల పద్ధతి, అని ఉంటే ఆ చీటీ తప్పు. ఉత్తరార్ధ గోళపు యూటీఎంకి 326 పక్కన జోన్ సంఖ్య, దక్షిణానికి 327 పక్కన జోన్ సంఖ్య. లాండ్‌శాట్‌లో దక్షిణార్ధ గోళపు సీన్లకి కూడా ఉత్తర జోన్ వాడి, ఉత్తర దిశ విలువని రుణ సంఖ్యగా ఇస్తారు. అది తప్పనుకుని 327కి మార్చారంటే ఇమేజ్ కోటి మీటర్లు, అంటే 10,000 కిలోమీటర్లు జరుగుతుంది.

సెట్ సీఆర్‌ఎస్ అనేది చీటీని మాత్రమే మారుస్తుంది, రీప్రొజెక్ట్ అనేది పిక్సెళ్లని కదిలిస్తుంది. చీటీ తప్పైనప్పుడు మొదటిది, చీటీ సరైనదే గానీ వేరే ప్రొజెక్షన్ కావాలన్నప్పుడు రెండోది. కలగాపులగం చేస్తే తప్పు ఇమేజ్ మీద ఇంకో తప్పు ఎక్కుతుంది.

ఉన్నట్టుండి అన్ని ఫైళ్లకీ సీఆర్‌ఎస్ తెలియదని వస్తూ, ఎర్రర్‌లో ప్రోజ్ డీబీ (ప్రొజెక్షన్ల జాబితా ఉండే ఫైల్) అనే మాట కనిపిస్తే ఫైళ్ల తప్పేమీ లేదు. పోస్ట్‌జీఐఎస్ లాంటి మరో సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న ప్రోజ్ లిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పాత వెర్షన్ వైపు చూపిస్తూ ఉంటుంది. దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్‌ని మూసి తెరవండి.

మెమరీ చాలక ఆగిపోతుంటే

ఒక్క సెంటినెల్-2 10 మీటర్ల బ్యాండ్ విప్పితే 241 ఎంబీ. మొత్తం 13 బ్యాండ్లనీ 10 మీటర్లకి తెచ్చి ఫ్లోట్‌లోకి మారిస్తే 6 జీబీ దాటుతుంది. డిస్క్ మీద జేపీ2 చిన్నగా కనిపిస్తుంది కదా అని మోసపోకండి. స్నాప్‌లోనూ ఇమేజ్‌జేలోనూ మెమరీ హద్దుని సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు. అంతకంటే సులువు, కావలసిన భాగాన్ని ముందే కత్తిరించుకోవడం: క్యూజీఐఎస్‌లో రాస్టర్, ఎక్స్‌ట్రాక్షన్, క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్.

తెరుచుకుంటుంది గానీ జూమ్ చేసినప్పుడల్లా నత్తనడక అయితే జీడాల్ యాడ్ఓతో 2, 4, 8, 16 స్థాయిల పిరమిడ్లు, అంటే ఇమేజ్‌కి చిన్న సైజు నకళ్లు, కట్టండి. కంప్రెషన్ లేని ఫైలైతే సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. దానివల్ల ఫైల్ 4 జీబీ దాటేటట్టుంటే మామూలు టిఫ్ పట్టదు, రాసేటప్పుడే బిగ్‌టిఫ్ ఆప్షన్ ఇవ్వాలి. ఆ ఫైల్‌ని తర్వాత పాత సాఫ్ట్‌వేర్ వాడే ఎవరికైనా పంపేట్టయితే పిరమిడ్లని ఫైల్ లోపల కాకుండా పక్కన విడి ఓవీఆర్ ఫైల్‌గా కట్టండి, అసలు ఫైల్ 4 జీబీ లోపే ఉండిపోతుంది.